క్వారంటీన్ అంకుల్ గారి మూడోవాడు

ఆంటీ ఫోన్ చేసే సమయానికి నేను సిడ్నీ ఎయిర్‌పోర్టులో, తెచ్చిన తిండి సామాన్లు చూపించాల్సినవాళ్ళ వరసలో నిలబడి ఉన్నాను. పక్క వరసలో, ఏమీ తేలేదని కార్డు మీద రాసినవాళ్ళు చకచకా బయటికి వెళ్ళిపోతున్నారు. అందులో మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ సూట్‌కేసుల్లో ఏముందో నన్నడిగితే తెరవకుండానే చెప్పగలను.

"అంకుల్ పోయారమ్మా," అంది ఆంటీ. "పొద్దున్న కాఫీ తాగి, పేపరు చూస్తూ అలాగే ఒరిగిపోయారు."

యూనిఫాం వేసుకున్న ఒకతను ఫోన్ లోపల పెట్టమని చేత్తో సైగ చేస్తున్నాడు.

"ఎక్కడున్నావు?"

"ఎయిర్‌పోర్టులో ఆంటీ. ఇప్పుడే దిగాను. లైన్లో ఉన్నాను."

"ఏ లైన్లో?"

"డిక్లేర్ లైన్లో."

"సరే, అది అయ్యాకే రా," అని ఆవిడ పెట్టేసింది.

నా సంచిలోంచి ఆవకాయ, కందిపొడి, ఉగాదికి దాచుకుందామని తెచ్చిన వేపపువ్వు పొట్లం బల్లమీద పెట్టాను. గ్లవ్స్ వేసుకున్న అమ్మాయి మిగతావి వెనక్కి జరిపి, పొట్లాన్ని మాత్రం పక్కన ఉన్న డబ్బాలో పడేసింది. అప్పటికి నా కళ్ళు ధారలు కడుతున్నాయి. పాపం, వేపపువ్వు పోయినందుకు ఏడుస్తున్నాననుకుని ఆ అమ్మాయి రెండుసార్లు సారీ చెప్పింది.

సిడ్నీలో కెల్లీవిల్ నుంచి ద పాండ్స్ దాకా మన తెలుగువాళ్ళందరికీ ఆయన ముఖం ముందు అంకుల్, వెనక క్వారంటీన్ అంకుల్. దివిసీమ మనిషి. పాపువా న్యూ గినీలో ఒక అడవుల కాలేజీలో చాలాకాలం పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఇక్కడి యూనివర్సిటీలో చేసి రిటైరయ్యారు. మా పెరటికీ వాళ్ళ పెరటికీ మధ్య కంచె ఒక్కటే అడ్డం. అందుకని ఆయన గురించి జనం అనే మాటలు నాకూ తెలుసు, ఆ మాటల వెనక మనిషీ తెలుసు.

మెడలో ఎప్పుడూ నల్లతాడుకి కట్టిన చిన్న భూతద్దం ఒకటి వేలాడుతూ ఉండేది. గుళ్ళోకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా అది తీసేవారు కాదు. ఒకసారి రౌస్ హిల్‌లో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం. పంక్తిలో నా పక్కనే కూర్చున్నారు. పులిహోరలోంచి కరివేపాకు రెమ్మ ఒకటి తీసి, విస్తరి అంచున పరిచి, భూతద్దం కంటికి ఆనించి చూస్తున్నారు. వడ్డించే ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "బాగుందమ్మా, షాపులో కొన్నదే," అని ఆయన రెమ్మని నోట్లో వేసుకున్నాక గానీ ఆవిడ ముందుకు కదల్లేదు.

దానికో కారణముంది. అంతకు కొంతకాలం ముందు, ద పాండ్స్‌లో కొత్తిల్లు కట్టుకున్నవాళ్ళు గృహప్రవేశానికి పిలిస్తే, ఈయన తిన్నగా పెరట్లోకి వెళ్ళి, కుండీలో ఉన్న కరివేపాకు మొక్క ముందు కూర్చున్నారు. ఎక్కడిదని అడిగారు. ఇంటాయన నవ్వుతూ, మా అత్తగారు తడిబట్టలో చుట్టి చీరల మధ్య పెట్టి తెచ్చారని గొప్పగా చెప్పాడు. అంకుల్ నవ్వలేదు. నిమ్మతోటల్ని నాశనం చేసే జబ్బు ఈ కొమ్మల మీద వస్తుందని, ఇప్పుడే క్వారంటీన్ వాళ్ళకి ఫోన్ చేసి చెబితే వాళ్ళే వచ్చి తీసుకెళ్తారని, ఇంటినిండా చుట్టాలుండగా నెమ్మదిగా చెప్పారు. గొంతు పెంచడం ఆయనకి రాదు. పెంచి ఉంటే బాగుండేది, జనం పోట్లాడి మరిచిపోయేవాళ్ళు.

ఆ తర్వాత చాలామంది ఆయన్ని పిలవడం మానేశారు. పిలిచినవాళ్ళు కూడా పెరటి తలుపు వేసి ఉంచేవాళ్ళు. ఉగాది పచ్చడి గిన్నె ముందు ఆయన నిలబడి "వేపపువ్వు ఎక్కడిదమ్మా?" అంటే తెలుగు అసోసియేషన్ సెక్రటరీ అంతటివాడు బాత్రూమ్ వెతుక్కునేవాడు. ఆంటీకి ఇవన్నీ చిన్నతనంగా ఉండేవి. "ఈయనతో ఎవరింటికెళ్ళినా నేను పోలీసాయన పెళ్ళాంలా కూర్చోవాలి," అనేది.

"అనుమానం ఉంటే యెస్ పెట్టు," అనేది ఆయన మాట. ఎయిర్‌పోర్టు కార్డు గురించి అన్న మాటే, కానీ అన్నిటికీ వాడేవారు. మా అమ్మాయికి జ్వరం తగ్గిందో లేదో, స్కూలుకి పంపనా వద్దా అని నేను కంచె మీంచి అడిగినా అదే మాట. అవతలివాడు నష్టపోతాడేమోనని అనుమానం వస్తే, మన నష్టం లెక్కలోకి రాకూడదని ఆయన లెక్క. ఇంత సూటిగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేను ఆ మనిషి పక్కన ఉండి అర్థం చేసుకున్నది.

వాళ్ళ పెరటి గుమ్మం దగ్గర స్పిరిట్ నింపిన స్ప్రే సీసా ఉండేది. లోపలికి రావాలంటే చెప్పులు తిరగేసి చూపించాలి. ఆయన వంగి, అడుగున స్ప్రే కొట్టి, గుడ్డతో తుడిచి ఇచ్చేవారు. ఎనభై దగ్గరపడ్డ మనిషి నా చెప్పులు పట్టుకోవడమేమిటని నేను లాక్కోబోతే, "బయటి నుంచొచ్చి కాళ్ళు కడుక్కునే జాతి కాదుటమ్మా మనది," అన్నారు. ఆ తర్వాత నేను చెప్పులు గుమ్మం బయటే వదిలేసి ఉత్త కాళ్ళతో వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

ఈ తతంగమంతా ఒక చెట్టు కోసం.

పెరటి మూల, కంచెకి ఆనుకున్నట్టుగా ఉండేది. చూడగానే ఏ చెట్టో పోల్చుకోలేం. సన్నగా సాగిన ఆకులు, చివర తోకలా లాగి ఉంటాయి. పైన ముదురాకుపచ్చ, తిరగేస్తే రాగిచెంబు రంగు. గాలి వీచినప్పుడు చెట్టంతా ఒక్కసారి రంగు మార్చి మళ్ళీ మామూలయ్యేది. పూత తెల్లటి కంకులుగా వచ్చేది. దాని వాసన మాత్రం చెప్పుకోదగ్గది కాదు, ఆ రోజుల్లో నేను కిటికీలు మూసుకునేదాన్ని. ముళ్ళ గిన్నెలాంటి తొడుగులో చిన్న గింజ. నిప్పుల మీద వేయించి పొట్టు తీస్తే ఉడికించిన పనసపిక్కకి కాస్త తీపి తగిలించినట్టుండేది.

కాస్టనాప్సిస్ అని దాని పేరు. ఓక్, బీచ్, చెస్ట్‌నట్ చెట్లదీ దీనిదీ ఒకే కుటుంబమట. "ఇంటిపేరు చలిదేశం వాళ్ళది, పుట్టిందీ పెరిగిందీ వేడిదేశపు కొండల మీద," అనేవారు అంకుల్. న్యూ గినీ కొండల్లో ఈ గింజలు రాలే కాలంలో ఊళ్ళకి ఊళ్ళు అడవిలోనే ఉంటాయని, సంతలో ఆడవాళ్ళు బూడిదలో కాల్చిన గింజలు ఆకుల్లో పోసి అమ్మేవాళ్ళని చెప్పేవారు. పెద్దవాడు కడుపులో ఉండగా ఆంటీకి ఇవి తప్ప ఏవీ సయించలేదట. సిడ్నీ వచ్చాక ఆయన అనుమతులు తెచ్చుకుని, గింజల్ని రాజమార్గంలో దింపించి, ప్రభుత్వం వాళ్ళ గాజుగదిలో మొలకెత్తించారు. చాలావరకు చచ్చిపోయాయి. బతికింది ఇదొక్కటి.

ఆంటీ దాన్ని "మా మూడోవాడు" అనేది. పెద్దవాడు మెల్‌బోర్న్‌లో, అమ్మాయి పెర్త్‌లో, మూడోవాడు పెరట్లో. "ఆ ఇద్దరి పెళ్ళిళ్ళకీ పడని హైరానా వీడి వీసాకి పడ్డారు," అని దెప్పేది కానీ, పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆవిడ వెళ్ళి కూర్చునేదీ వాడి కిందే.

చెట్టు మొదట్లో, మాను చుట్టూ ఎప్పుడూ కొన్ని పిలకలు లేస్తూ ఉండేవి. తోటమాలి కోసేస్తానంటే అంకుల్ ఒప్పుకునేవారు కాదు. నేనూ అడిగాను ఒకసారి, అవెందుకని.

"ఇది గింజల మీద భరోసా పెట్టుకున్న చెట్టు కాదమ్మాయ్," అన్నారు మానుని చేత్తో తడుతూ. "కొండ విరిగిపడినా, మంట వచ్చినా, గొడ్డలి పడినా, అడుగు నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. దీన్ని చంపడం అంత తేలిక కాదు."

ఆయనకి సహస్ర చంద్ర దర్శనం చెయ్యాలని పిల్లలు పట్టుబట్టారు. హోమం ఇంట్లో చేస్తే పొగకి అలారం మోగి ఫైరింజన్ వస్తుంది గనక పెరట్లో అన్నారు. సమిధల దగ్గర పేచీ వచ్చింది. ఇండియా నుంచి తెప్పిస్తామంటే అంకుల్ వీల్లేదన్నారు, బెరడున్న పుల్ల దేశంలోకి రాకూడదని. ఇక్కడే ఏదైనా పళ్ళచెట్టు కట్టె దొరికితే సర్దుకుందాం అన్నారు పురోహితుడు గారు.

ఆ కట్టె తెస్తానని ముందుకొచ్చినవాడు కిరణ్. వరంగల్ కుర్రాడు, మా ఆఫీసులోనే పని, ద పాండ్స్‌లో అద్దెకుంటాడు. అంకుల్ దగ్గరకి భయపడకుండా వచ్చే అతికొద్దిమందిలో ఒకడు. కారు లేని రోజుల్లో ఆంటీని డాక్టరు దగ్గరికి మెట్రోలో తీసుకెళ్ళి తెచ్చినవాడు. హోమం రోజు డిక్కీలోంచి ఎండుకట్టెల మోపు దింపి, మూడోవాడి మానుకి చేరగిలబెట్టాడు. పట్టుపంచె కట్టుకుని పీటల మీద కూర్చున్న అంకుల్ తల తిప్పి అడగనే అడిగారు.

"ఎక్కడిది నాయనా?"

"లోకలే అంకుల్. ఇండియాది కాదు," అన్నాడు కిరణ్.

పురోహితుడు గారు సంకల్పం మొదలుపెట్టారు. అంకుల్ చేతిలో భూతద్దం లేదు, ఆంటీ చెయ్యి ఉంది. హోమం అయ్యాక మిగిలిన కట్టెలు చాలా రోజులు అక్కడే, మానుకి ఆనుకునే ఉండిపోయాయి.

కొన్ని నెలల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం కంచె అవతలి నుంచి అంకుల్ పిలిచారు. "అమ్మాయ్, నీ ఫోన్ పట్టుకుని ఒకసారి రా. నా చెయ్యి వణుకుతోంది, ఫోటో రావట్లేదు."

వెళ్ళాను. చెప్పులు విప్పబోతుంటే, "ఉంచుకో, వెళ్ళేటప్పుడు కొడతాను స్ప్రే," అన్నారు. లోపలికి వచ్చేటప్పుడు కాక బయటికి వెళ్ళేటప్పుడు. ఆ తేడా నాకు గుమ్మం దాటాక గానీ తట్టలేదు.

మోకాలి ఎత్తున బెరడు ఒకచోట లోపలికి కుంగి, నెర్రెలిచ్చి ఉంది. నెర్రెల అంచుల్లో ఆవగింజంత బుడిపెలు, నారింజరంగువి. పసుపూ కుంకుమా కలిపి చల్లినట్టుంది. హోమం రోజు చల్లినదేమో అనబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

ఫోటో తీశాను. చూసి, "ఇంకొకటి తియ్యి," అన్నారు. దగ్గరగా తీశాను. పెద్దది చేసి చూసి, "కదిలినట్టుంది, మళ్ళీ తియ్యి," అన్నారు. కదల్లేదు. అలా తీస్తూనే ఉన్నాను, ఆయన మళ్ళీ మళ్ళీ అంటూనే ఉన్నారు. ఆయన వెతుకుతున్నది మంచి ఫోటో కాదని, ఆ బుడిపెలు లేని ఫోటో అని అర్థమయ్యాక ఫోన్ దించేశాను.

చెస్ట్‌నట్ జాతికి వచ్చే ఒక తెగులు ఉందట. గాలికీ వానకీ పాకుతుంది, పట్టిందంటే తోటలకి తోటలు పోతాయి. అనుమానం వచ్చినా ప్రభుత్వానికి చెప్పి తీరాలని చట్టం. చెబితే వస్తారు, నిజమని తేలితే చెట్టుని నరికి కాల్చేస్తారు. ఇదంతా ఆయన తరగతిలో చెబుతున్నట్టే చెప్పారు. చెబుతున్నంతసేపూ చెయ్యి మాత్రం బెరడు మీద వెయ్యలేదు. ఎప్పుడూ ఆ మానుని తట్టకుండా మాట్లాడిన మనిషి కాదు ఆయన.

నేను కిరణ్‌కి ఫోన్ చేశాను. ఆ కట్టె ఎక్కడిదని అడిగాను. పక్క రాష్ట్రం విక్టోరియాలో ఫ్రెండు వాళ్ళకి చెస్ట్‌నట్ తోట ఉందని, లాంగ్ వీకెండ్‌కి వెళ్ళినప్పుడు అక్కడి నుంచి తెచ్చానని చెప్పాడు. వాడి దృష్టిలో లోకల్ అంటే ఆస్ట్రేలియా. వాడి దృష్టిలోనే ఏమిటి, మనందరికీ అంతే. విమానం దిగాక ఇక దాటాల్సిన గీత లేదనుకుంటాం. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి చెట్టు కట్టె తీసుకెళ్ళకూడదని మనలో ఎవరికి తెలుసు.

కిరణ్ వెంటనే బయల్దేరి వచ్చాడు. ఆ నారింజ మచ్చ చూసి వాడు వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

"నాకు నిజంగ తెల్వదు అంకుల్. లోకల్ అనుకున్న. నా పర్మనెంట్ వీసాకి పీఆర్ ఫైల్ నడుస్తున్నది. ఇప్పుడు గిట్ల కంప్లైంట్ అయితే ఫైన్ వేస్తరా, వీసా ఆపుతరా, ఏమో నాకేం సమజైతలేదు. మా వైఫ్‌కి ఎయిత్ మంత్."

అంకుల్ వాడి పక్కనే మెట్టు మీద కూర్చున్నారు.

ఆంటీ లోపలి నుంచి అంతా వింటోంది. కాఫీ గ్లాసులు తెచ్చి పెట్టి, కూర్చోకుండా నిలబడే అంది. "చెట్టు కొట్టేద్దాం. ఎవరికీ చెప్పొద్దు. మనమే కొట్టించి మనమే కాల్చేద్దాం. వాళ్ళు చేసేదీ అదేగా. ఈ పిల్లాడి పేరు బయటికి రాదు."

నేను అటు చూసి ఆశ్చర్యపోయాను. మూడోవాడు అని పిలిచే మనిషి, వాణ్ణి కొట్టేద్దామంటోంది. ఆ క్షణాన ఆవిడకి మెట్టు మీద కూర్చున్న పిల్లాడే కనబడ్డాడు. అంకుల్ ఒప్పుకుంటే బాగుండునని నాకూ అనిపించింది.

"నిజమే కదా అంకుల్," అన్నాను. "అది ఆ తెగులే అని కూడా గ్యారంటీ లేదు. అనుమానమే కదా."

అన్నాక నాలిక కరుచుకున్నాను. ఆయన నా వంక చూశారు. ఆ మాటకి బదులేమిటో ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో ఇద్దరికీ తెలుసు. అందుకే చెప్పలేదు.

"మన చెట్టు ఒక్కటే," అన్నారు ఆంటీతో. "కట్టె వచ్చిన తోటాయనకి ఎన్ని ఉన్నాయో. ఆయనకి తెలుసో లేదో కూడా మనకి తెలీదు. ఇక్కడ మంట పెట్టి ఊరుకుంటే అక్కడ ఆయన చెట్లు ఒక్కొక్కటీ పోతుంటాయి, ఎందుకు పోతున్నాయో తెలీకుండా."

తర్వాత కిరణ్ భుజం మీద చెయ్యి వేశారు. "కట్టె ఎక్కడిదని వాళ్ళు అడుగుతారు నాయనా. నేను అబద్ధం చెప్పలేను. కానీ నేను చెబితే వేరు, నువ్వే ఫోన్ చేసి చెబితే వేరు. ఇంటికెళ్ళి మీ ఆవిడతో మాట్లాడు. చీకటిపడేలోపు నువ్వు చేస్తే నువ్వు చేసినట్టు. లేకపోతే నేను చేస్తాను."

కిరణ్ లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు అంకుల్ వాడి బూట్లు తిరగేయమని స్ప్రే కొట్టారు. వాడు గోడకేసి చూస్తూ ఒక కాలు, తర్వాత ఇంకో కాలు ఎత్తాడు.

ఆ మధ్యాహ్నం ఎంత పొడుగ్గా గడిచిందో. బల్ల మీద అంకుల్ ఫోన్, దాని పక్కన తెగుళ్ళ సంగతి చెప్పాల్సిన హాట్‌లైన్ నంబరు. ఆంటీ ఆయనతో మాట్లాడదు. వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రం మామూలు కంటే గట్టిగా వినిపిస్తోంది. నేను ఇంటికి వెళ్తానంటే ఇద్దరూ ఒకేసారి "కూర్చో" అన్నారు. మధ్యలో ఒకసారి నా ఫోన్‌కి కిరణ్ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. "అక్కా, అంకుల్‌కి నువ్వు చెప్పు ప్లీజ్." నేను ఫోన్ బోర్లా పెట్టాను. ఏమని జవాబివ్వను? ఆ మనిషికి ఎవరూ ఏమీ చెప్పలేరు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మామూలు మనిషిలా ప్రవర్తిస్తే ఏం పోయిందని గట్టిగా అరవాలనిపించింది.

ఎండ కంచె మీదికి జారింది. అంకుల్ కళ్ళజోడు తుడుచుకుని, ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. వేలు నంబరు మీదకి వెళ్ళేసరికి వీధిలో కారు ఆగింది. ఆంటీ గబగబా వెళ్ళి తలుపు తీసింది.

కిరణ్ ఒక్కడే రాలేదు. పక్కన వాళ్ళావిడ, నిండు కడుపుతో. ఆ అమ్మాయే ముందు మాట్లాడింది. "ఇక్కడి నుంచే చేస్తడు అంకుల్. ఇంట్ల అయితే ఆయనకి గొంతు వస్తలేదు."

వరండాలో నిలబడి కిరణ్ ఫోన్ చేశాడు. స్పెల్లింగులు ఒక్కో అక్షరంగా చెప్పాడు. ఆ తోట పేరు చెప్పేటప్పుడు ఒకసారి ఆగి అంకుల్ వైపు చూశాడు. అంకుల్ తల ఊపారు. కాల్ అయిపోయింది. ఆంటీ వెళ్ళి ఆ అమ్మాయికి కుర్చీ వేసి, కాళ్ళ కింద ఇంకో కుర్చీ పెట్టింది.

తెల్లటి బట్టల్లో ఇద్దరు వచ్చి బెరడు ముక్కలు తీసుకెళ్ళారు. పెరటికి టేపు కట్టారు. ఫలితం వచ్చేదాకా ఆంటీ కాఫీ గ్లాసు పట్టుకుని టేపు ఇవతల నిలబడి తాగేది. అంకుల్ కిటికీలోంచి చూసేవారు. ఇద్దరి మధ్యా మాటలు ఎప్పుడు మొదలయ్యాయో నాకు తెలీదు. ఫలితం వచ్చిన రోజు మాత్రం ఆవిడే కంచె దగ్గరికొచ్చి చెప్పింది. "అదేనట." అంతే చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

కిరణ్‌ని పిలిచి వివరాలు రాసుకున్నారు, గట్టిగా మందలించారు, ముందుగా తనే చెప్పినందుకు అంతటితో వదిలేశారు. ఆ కబురు విన్నాక అంకుల్ నా ముందే ఒక పెద్ద ఊపిరి వదిలారు. కోపంతో ఆయన మీద అరవకుండా ఉన్నందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. వాళ్ళకి పాప పుట్టాక, పీఆర్ కూడా వచ్చాక, అంకుల్ ఒళ్ళో ఆ పాప భూతద్దం చప్పరిస్తున్న ఫోటో ఒకటి ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. తోటాయన చెట్లు కొన్ని పోయాయట, మిగతావి దక్కాయట.

చెట్టుని ముక్కలుగా కోసి, మూటలు కట్టి తీసుకెళ్ళారు. మొద్దుని పెకలించడం కుదరలేదు, కింద మురుగు పైపు, పక్కన గోడ. మట్టానికి కోసి మందు పూశారు. చిగురు వస్తే తుంచి, రెండు సంచుల్లో కట్టి, తమకి కబురు చెయ్యమన్నారు. ఆ మాట చెబుతున్న అమ్మాయికి ఆ చెట్టు ఎలాంటిదో తెలీదు. అంకుల్‌కి తెలుసు. "చేస్తాను," అన్నారు.

ఆ తర్వాత నేను రోజూ పొద్దున్నే నా వంటింటి కిటికీలోంచి చూసిన దృశ్యం ఇది. అంకుల్ చిన్న స్టూలు తెచ్చుకుని మొద్దు పక్కన కూర్చుంటారు. భూతద్దంతో చుట్టూ వెతుకుతారు. మందు పూసినా, ఎక్కడో ఒకచోట ఎర్రటి చిగురు గోరంత తొంగిచూస్తూనే ఉంటుంది. బొటనవేలితో చూపుడువేలితో పట్టుకుని గిల్లుతారు. సంచిలో వేసి, దాన్ని ఇంకో సంచిలో వేసి, చేతులు స్పిరిట్‌తో తుడుచుకుని లేస్తారు. ఒక్కోసారి గిల్లే ముందు దాని ఆకు తిరగేసి, రాగిరంగు వచ్చిందో లేదో చూసేవారు. ఆంటీ అటు రావడమే మానేసింది. "నావల్ల కాదమ్మా. ఆయన చేతులకెలా వస్తోందో," అంది నాతో. ఒకే ఒకసారి ఆయన్ని నేను అడిగాను, ఎన్నాళ్ళిలా అని.

"అది ఆపేదాకా," అన్నారు. "లేదా నేను."

నేను ఇండియా వెళ్ళాను. ఆయన ఆపారు.

పెద్దకర్మకి ఇంటినిండా జనం. పిలవడం మానేసినవాళ్ళు కూడా వచ్చారు. కరివేపాకు మొక్క ఇంటాయన మూల కుర్చీలో తల దించుకుని కూర్చున్నాడు. పెరటి గుమ్మం దగ్గర స్ప్రే సీసా అలాగే ఉంది, ఎవరూ చెప్పకుండానే జనం చెప్పులు అక్కడే విడుస్తున్నారు. కిరణ్ విస్తర్లు వేస్తున్నాడు. ఆంటీ కనబడకపోతే వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్ళాను.

మొద్దు పక్కన నిలబడి ఉంది. కిందికి చూస్తోంది. ఆయన పోయినప్పటి నుంచీ ఎవరూ అటు రాలేదు. మొద్దు అంచు నుంచి పిలక ఒకటి జానెడు లేచింది. తోకలాంటి మొనలతో నాలుగైదు ఆకులు. గాలికి తిరగబడినప్పుడు రాగిరంగు కనిపించింది.

"చూశావా," అంది ఆంటీ. "ఆయన లేరని తెలిసిపోయినట్టుంది వీడికి."

నేను చుట్టూ చూశాను. మేమిద్దరమే. ఆ పిలక మీద మచ్చ గానీ బుడిపె గానీ ఏమీ లేదు. ఇన్నాళ్ళకి ఆ ఇంట్లో బతికున్నది ఏదైనా ఉందంటే అదొక్కటే అనిపించింది నాకు.

"బాగానే ఉన్నట్టుంది ఆంటీ. దీనికి తెగులు లేదేమో," అన్నాను.

ఆవిడ చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడింది. లోపల ఎవరో వడ్డనకి పిలుస్తున్నారు. తర్వాత ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. మోకాలి నొప్పి మనిషి, నా భుజం పట్టుకుని నెమ్మదిగా కిందికి వంగింది. ఆకుని ఒకదాన్ని తిరగేసి, వెనకవైపు వేలితో ఒకసారి నిమిరింది.

"ఏమో కదమ్మా," అంది.

అని మొదలంటా తుంచేసి, చెయ్యి నా వైపు చాపింది. "సంచులు వంటింట్లో రెండో సొరుగులో ఉంటాయి. రెండు తీసుకురా."